పడమర పంట బోదె

నేను ఒక ప్రింటర్ని. అచ్చు వేస్తాను, జెరాక్సు తీస్తాను, స్కానింగు చేస్తాను. ఈ మూడు పనులూ చేస్తానని అట్టపెట్టె మీద రాసి మరీ అమ్మారు. నాలుగో పని ఇంకొకటుంది, అది మాత్రం రాయలేదు. కాగితాలు మింగుతాను. మనుషులు దానికి పేపర్ జామ్ అని పేరు పెట్టి, తప్పంతా చెమ్మగాలి మీదకీ చౌక కాగితం మీదకీ నెట్టేస్తారు. కాదండీ బాబూ. అందులో సగం నా ఇష్టంతో జరిగేదే. అచ్చు వేయడానికి నాకే సిగ్గేసే కాగితాలు కొన్ని వస్తుంటాయి. అప్పుడు గొంతులో అడ్డం పెట్టుకుని ఎర్ర లైటు వెలిగిస్తాను. వాళ్ళు మూత తీసి, నెత్తిన రెండు మొట్టి, లోపలి కాగితాన్ని ముక్కలు ముక్కలుగా లాగుతుంటే నాకు మహా సరదాగా ఉంటుంది.

నేను పుట్టింది సముద్రాల అవతల ఒక ఫ్యాక్టరీలో. ఆ రోజే నాతోపాటు ఎనిమిది వందల మంది పుట్టారు కాబట్టి నా జన్మ గురించి గొప్పలు చెప్పుకోవడానికేమీ లేదు. ఓడలో చెన్నై వచ్చాను, లారీలో కాకినాడ వచ్చాను. ఈ వైపు పైకి ఉండాలని పెట్టె మీద పెద్ద బాణం గుర్తు వేశారు. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. దారి పొడవునా తలకిందులుగానే ప్రయాణం చేశాను. నా బుద్ధి కాస్త తిరగేసి ఉండడానికి అదే కారణమని నా అనుమానం.

నన్ను మొదట కొన్నాయన కోచింగ్ సెంటరు నడిపేవాడు. ఆయన నాతో వేయించినవన్నీ కరపత్రాలే. ఏ పరీక్ష ఫలితాలొచ్చినా మొదటి ర్యాంకు మాదే అని ఒకే ఫొటో, ఒకే గళ్ళ చొక్కా. మూడేళ్ళలో ఆ గళ్ళ చొక్కా మనిషికి టీచరు ఉద్యోగం, బ్యాంకు ఉద్యోగం, పోలీసు ఉద్యోగం వరసగా వచ్చేశాయి. నిజానికి అతను ఒకసారి ఆ సెంటర్లో ఫ్యాన్లు బాగుచేయడానికి వచ్చి, ఫొటో దిగి పోయినవాడు.

అక్కడి నుంచి శేషమాంబ గారి పెళ్ళి సంబంధాల ఆఫీసుకి వెళ్ళాను. ఆవిడ మంచి మనిషి. ఎవరి మనసూ కష్టపెట్టేది కాదు, అందుకని పొడవు దగ్గర అందరికీ రెండంగుళాలు కలిపేది. ఆవిడ దగ్గరున్నంత కాలం నేను పొట్టి పెళ్ళికొడుకుని ఒక్కణ్ణి కూడా అచ్చు వేయలేదు. ఉద్యోగం లేనివాళ్ళు వ్యాపారస్తులు, వ్యాపారం కూడా లేనివాళ్ళు ఆస్తిపరులు. మోకాళ్ళ నొప్పులతో ఆవిడ ఆఫీసు మూసేసినప్పుడు నన్నూ, నాకు తోడుగా ఉండే కంప్యూటర్నీ కలిపి గున్నేశ్వరరావు గారికి ఇచ్చేసింది.

గున్నేశ్వరరావు గారు డాక్యుమెంటు రైటరు. మాది కాకినాడకి గంట దూరంలో ఒక టౌను. పేరు చెప్పను, చెబితే ఆయన ఊరుకోరు. రిజిస్ట్రారు ఆఫీసు ఎదుటి సందులో ఆయనకి రేకుల గది ఉంది. ఎవరు భూమి కొన్నా, అమ్మినా, కూతురికి రాసిచ్చినా ఆ పత్రం తయారుచేసి పెట్టడం ఆయన పని. ముప్పై రెండేళ్ళు అదే పని చేసిచేసి ఆయన నోరు కూడా పత్రంలాగే అయిపోయింది. టీ చల్లారిపోతే సదరు టీ మార్చి తెమ్మంటారు. ఇంటి నుంచి భార్య ఫోను చేసి కూరలు చెబితే, పైన వివరించిన వంకాయలు కిలో అని రాసుకుంటారు.

ఆ సందులో పద్నాలుగు మంది రైటర్లున్నారు. ఏ ఒక్కరూ పత్రాన్ని మొదటి అక్షరం నుంచి రాయగా నేను చూడలేదు. నిన్నటి పత్రం తెరుస్తారు, సేవ్ యాజ్ కొడతారు. పేర్లు మారుస్తారు, సర్వే నంబరు మారుస్తారు, నాలుగు దిక్కుల హద్దులు మారుస్తారు, అయిపోయింది. నిన్నటిది మొన్నటి పత్రానికి పుట్టింది, మొన్నటిది అటు మొన్నటి దానికి పుట్టింది. అలా వెనక్కి వెళితే ఏ బ్రిటిషు కాలంలోనో ఎవరో ఒకాయన నిజంగానే కూర్చుని, బుర్ర గోక్కుని, ఆలోచించి రాసి ఉంటాడు. ఆ తర్వాత ఎవరూ ఆ శ్రమ పడలేదు.

ఆ గదిలో టైపు చేసే అమ్మాయి పేరు కొప్పిశెట్టి వీరవేణి. ఇరవై ఆరేళ్ళు, బి.ఏ. పాసైంది. వాళ్ళమ్మ హైస్కూల్లో మధ్యాహ్న భోజనం వండుతుంది. వీరవేణి నాలుగేళ్ళుగా ఇక్కడే పని చేస్తోంది. నా నెత్తిన ఎప్పుడూ మొట్టని మనిషి నా జీవితంలో ఆమె ఒక్కతే. కాగితం అడ్డం పడితే నెమ్మదిగా మూత తీసి, ఏమైందిరా నీకు ఇవాళ, అని అడుగుతుంది. ఆమె అంటే నాకు ప్రాణం. ఈ మాట చెప్పుకోవడానికి నాకేమీ మొహమాటం లేదు.

ఆమెకి లా చదవాలని కోరిక. ఎందుకని ఎవరడిగినా, ఊరికే ఇష్టమండి, అనేది. చాలా దూరంలో ఒక న్యాయ కళాశాల ఉందట, మూడేళ్ళ కోర్సు. ఫీజు లేకుండా చదివించే సీట్లు నాలుగే. ఇరవై ఏడు నిండితే ఆ నాలుగింటికీ అర్హత పోతుంది. అంటే వీరవేణికి ఈ ఏడాది తప్పితే మరి లేదు. రాత పరీక్ష గట్టెక్కింది. కానీ సీటు మార్కులతోనే తేలదట. దరఖాస్తు గట్టిగా ఉండాలి. అందులో తన వివరాల కాగితం, తనని ఎరిగిన ఇద్దరు రాసిన సిఫార్సు లేఖలు, అన్నిటికంటే ముఖ్యంగా ఒక వ్యాసం. వ్యాసానికి వాళ్ళిచ్చిన అంశం ఒక్క వాక్యం: మీకు స్వయంగా తెలిసిన ఒక అన్యాయం గురించి రాయండి. ఇవి నచ్చితే ఇంటర్వ్యూకి పిలుస్తారు. గడువు పదిహేను రోజులు.

ముందు వివరాల కాగితం పట్టుకుంది. కంప్యూటర్లో వెతికితే బయోడేటా అని ఒక ఫైలు కనిపించింది. అలవాటుకొద్దీ సేవ్ యాజ్ కొట్టి, పేరు, చదువు, అనుభవం మార్చి నాకు పంపింది. అది శేషమాంబ గారి కాలం నాటి ఫైలని నాకు తెలుసు. మింగేసి ఆమె పరువు కాపాడొచ్చు. కానీ ఇంత మంచి కాగితం రోజూ రాదు కదా, శుభ్రంగా అచ్చు వేసి బయటికి పంపాను. బి.ఏ. రాజనీతి శాస్త్రం, దస్తావేజుల తయారీలో నాలుగేళ్ళ అనుభవం, దాని కింద నక్షత్రం విశాఖ, ఛాయ తెలుపు, వంటలో ప్రావీణ్యం కలదు, కోరుకునేది చెడు అలవాట్లు లేని ప్రభుత్వోద్యోగి. వీరవేణి ఆ చివరి వరస చదివి, బల్ల మీద తల పెట్టుకుని భుజాలు ఊగిపోయేలా నవ్వింది.

మొదటి సిఫార్సు లేఖ రామభద్రరాజు గారు పంపారు. ఆయన డిగ్రీలో ఆమెకి పాఠాలు చెప్పిన మాష్టారు. ఇంగ్లీషులో మంచి దస్కత్తుతో వచ్చింది. మొదటి పేరా అంతా వీరవేణి గురించే. రెండో పేరాకి వచ్చేసరికి, ఇతడు మా కళాశాల కబడ్డీ జట్టుకి నాయకత్వం వహించి జిల్లా స్థాయిలో కప్పు తెచ్చాడు, అని ఉంది. వీరవేణి వెంటనే ఫోను చేసింది. స్పీకరు పెట్టింది కాబట్టి నేనూ విన్నాను.

“మాష్టారండి, నేనెప్పుడూ కబడ్డీ ఆడలేదండి.”

“ఆడలేదా? ఓహో, అది పోయినేడు ఇంకో కుర్రాడికి రాసిందమ్మా. మార్చినట్టే గుర్తు. ఇతడు అన్న చోటల్లా ఈమె అని పెట్టేసుకో.”

“మరి కబడ్డీ అండి?”

“అది ఉండనీ. కోర్టులో పనికొస్తుంది.”

ఆమె ఆ లేఖని వెనక్కి పంపి, రెండు రోజులు ఫోన్లు చేసి, తన గురించి రాయించుకుంది. ఇక రెండో లేఖ గున్నేశ్వరరావు గారిది. తెలుగులో ఇచ్చినా పర్లేదు, అనువాదం జతచేస్తే చాలని కాలేజీ వాళ్ళు అన్నారు. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళు మూసుకుని చెప్పడం మొదలెట్టారు. ఆమె టైపు చేస్తోంది.

“గున్నేశ్వరరావు అను నేను, నా పూర్తి ఇష్టముతో, ఎవరి బలవంతమూ ప్రోద్బలమూ లేకుండా, సదరు న్యాయ కళాశాల వారికి వ్రాసి ఇచ్చిన సిఫార్సు లేఖ ఏమనగా, కొప్పిశెట్టి వీరవేణి అను ఆమె గత నాలుగు సంవత్సరములుగా నా స్వాధీన అనుభవములో ఉండి...”

“గురువుగారండి, స్వాధీనం అనకూడదండి.”

“మరేమనాలి?”

“నా దగ్గర పని చేస్తోంది అనండి.”

“అంత చప్పగానా? సరే కానీ. రాయి. సదరు వీరవేణిని నేటి నుండి మీకు సర్వహక్కులతో దఖలు పరచడమైనది. ఆమెపై ఎట్టి తాకట్లు, జప్తులు, కోర్టు తగాదాలు లేవని హామీ ఇవ్వడమైనది. ఇకముందు ఎవరి వలన ఏ చిక్కు వచ్చినా నా సొంత ఖర్చులతో పరిష్కరించి ఇవ్వగలవాడను.”

వద్దని చెప్పడానికి ఆమెకి మనసు రాలేదు. నాకైతే ఆ లేఖ ఎంతో నచ్చింది. ఆయన ప్రేమగా రాయగలిగే భాష అదొక్కటే.

మిగిలింది వ్యాసం. అక్కడే వచ్చింది చిక్కంతా. మొదటిసారి ఎక్కడో దొరికిన నమూనాని సేవ్ యాజ్ కొట్టింది. న్యాయదేవత కళ్ళకి గంతలు, చేతిలో త్రాసు, చిన్ననాటి నుంచి పేదల కన్నీళ్ళు తుడవాలన్న తపన. మింగేశాను. మళ్ళీ పంపింది. మళ్ళీ మింగాను. రెండోసారి పేపర్లో పడిన ఒక ఫ్యాక్టరీ కాలుష్యం గురించి రాసింది. ఆ ఫ్యాక్టరీని ఆమె ఎప్పుడూ చూడలేదు. అది కూడా మింగాను. మూడోసారి మహిళల సమస్యల గురించి రాసింది, అందులో ఒక్క మహిళ పేరు కూడా లేదు. ఈసారి నా ఎర్ర లైటు చూసి ఆమెకే విసుగొచ్చి, కాగితం లాగకుండా అలాగే వదిలేసి కూర్చుంది.

స్వయంగా తెలిసిన అన్యాయం రాయమన్నారు. ఆమెకి స్వయంగా తెలిసింది ఒకటుంది. అది ఆమెకి తెలుసు, గున్నేశ్వరరావు గారికి తెలుసు, నాకు తెలుసు.

మూడేళ్ళ కిందట సూరమ్మ అనే రైతు తన చేలో రోడ్డు వైపు ముక్కని పక్క చేను కోటిలింగానికి అమ్మింది. వెనక ముక్క తనకే ఉంచుకుంది. అక్కడికి బండి పోవడానికి పడమటి వైపు పది అడుగుల బాట కూడా తనకే ఉంచుకుంది. బాట దాటితే పంట బోదె, చేలకి నీళ్ళు పారే చిన్న కాలువ. అంటే అమ్మిన ముక్కకి పడమటి హద్దు సూరమ్మ బాట. పత్రంలో అదే రాయాలి. అప్పటికి వీరవేణి పనిలో చేరి ఏడాదే. ఆ రోజు ముహూర్తం మంచిదని గది నిండా జనం. పాత పత్రం తెరిచి సేవ్ యాజ్ కొట్టింది. తూర్పు మార్చింది, దక్షిణం మార్చింది, ఉత్తరం మార్చింది. పాత పత్రంలో పడమరకి ఎదురుగా పంట బోదె అని ఉంది. అది అలాగే ఉండిపోయింది.

సూరమ్మకి చదువు రాదు. అలాంటివాళ్ళకి వేలిముద్ర వేయించే ముందు పత్రం చదివి వినిపించాలి. వీరవేణే చదివింది. పడమర, పంట బోదె, అంది. అవునమ్మా, పడమటేపు బోదే కదా, అని సూరమ్మ తలూపింది. నిజమే మరి, పడమటి వైపు బోదె ఉంది, బాట అవతల. ఒకరు చదివారు, ఒకరు అవునన్నారు, మధ్యలో పది అడుగుల బాట పోయింది. నేనైనా ఆ రోజు మింగి ఉండాల్సింది. ఎన్ని పనికిమాలిన కాగితాలు మింగాను. దాన్ని మాత్రం ఒక్క మరక లేకుండా, నల్లగా నిగనిగలాడేలా అచ్చు వేసి ఇచ్చాను. ఆ సంగతి తలుచుకుంటే నాకిప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

ఏడాది తిరిగాక కోటిలింగం బాట మీద కంచె వేశాడు. పత్రంలో బోదె దాకా నాదేనని ఉందన్నాడు. సవరణ పత్రం రాయాలంటే అతను కూడా సంతకం పెట్టాలి. పెట్టనన్నాడు. సూరమ్మ కోర్టుకెక్కింది. అప్పటి నుంచి ఆమె వెనక చేలో పండిన ధాన్యం బస్తాలు ఎవరెవరి గట్ల మీదుగానో నెత్తిన మోయించుకోవాల్సి వస్తోంది. కోటిలింగం ఏదో మాయ చేసి రాయించుకున్నాడని ఆమె నమ్మకం. వీరవేణి నిజం చెబుతానంటే గున్నేశ్వరరావు గారు వద్దన్నారు. మన పేరు బయట పడితే ఈ సందులో మన గడప ఎవరు తొక్కుతారని గట్టిగా చెప్పారు. విచిత్రమేమిటంటే, ప్రతి వాయిదాకీ సూరమ్మ కాగితాల జెరాక్సుకి ఈ గదికే వచ్చేది. పాప బాగా తీస్తుందని వచ్చేది.

గడువు నాలుగు రోజులుందనగా పొద్దున్న పదకొండింటికి మళ్ళీ వచ్చింది. గున్నేశ్వరరావు గారు రిజిస్ట్రారు ఆఫీసులో ఉన్నారు.

“మళ్ళా వాయిదా ఏశారమ్మా. జడ్జిగారు సెలవంట. ఇయ్యి నాలుగేసి తియ్యి పాపా.”

వీరవేణి మొదటి కాగితాన్ని నా అద్దం మీద బోర్లించబోయి ఆగింది. అది ఆ పత్రమే, హద్దులున్న పేజీ. మూత వేయలేదు. బొత్తం నొక్కలేదు. సూరమ్మ వైపు తిరిగింది.

“మామ్మగారండి, ఈ పడమటి హద్దు తప్పు రాసింది నేనండి. కోటిలింగం గారు రాయించింది కాదు. పాత పత్రంలోది మార్చడం మర్చిపోయాను. మీకు చదివి వినిపించింది కూడా నేనేనండి.”

సూరమ్మ ఆ కాగితాన్ని చూసింది. ఆమెకి అందులో ఒక్క అక్షరం తెలియదు. తర్వాత వీరవేణిని చూసింది.

“నీకెప్పుడు తెల్సింది?”

“కంచె వేసినప్పుడండి.”

“రెండేళ్ళు. రెండేళ్ళ నుంచీ నా మొగం చూత్తా జెరాక్సులు తీత్తన్నావు.”

కాగితాలన్నీ సంచిలో పెట్టుకుని, జెరాక్సులు తీయించుకోకుండానే వెళ్ళిపోయింది. వీరవేణి చాలాసేపు ఏడ్చింది. నాకు చేతులుంటే బాగుండుననిపించిన రోజు అదొక్కటే.

గున్నేశ్వరరావు గారు వచ్చి, విషయం విని, కుర్చీలో కూలబడ్డారు. ఆయనకి కోపం వచ్చినప్పుడు పత్రం భాష పోతుంది, అప్పుడు మామూలు మనిషిలా మాట్లాడతారు.

“నిన్నెవరడిగారే ఇప్పుడు?”

“ఎవరూ అడగలేదండి. అదేనండి నా బాధ.”

“వ్యాసంలో కూడా ఇదే రాస్తావా?”

“రాస్తానండి.”

“నాలుగు హద్దులు సరిగ్గా రాయలేని దానికి లా సీటు ఎవరిస్తారు? ఉన్న ఒక్క అవకాశం చేతులారా పోగొట్టుకుంటావా?”

“పోతే పోవచ్చండి. కానీ నాకు తెలిసింది ఇదొక్కటేనండి.”

ఆయన చెప్పులేసుకుని ఇంటికెళ్ళిపోయారు. వీరవేణి కంప్యూటరు ముందు కూర్చుంది. ఏ పాత ఫైలూ తెరవలేదు. కొత్త ఫైలు తెరిచింది. ఆ గదిలో కొత్త ఫైలు తెరవగా చూడడం నాకదే మొదటిసారి. తెల్లగా ఖాళీగా ఉన్న పేజీ చూసి ఆమె కూడా కంగారు పడ్డట్టుంది, గంట దాకా వేలు కదల్లేదు. ఆ తర్వాత ఆగకుండా రాసింది. ఇంగ్లీషులో రాసింది, నేను మీకు తెలుగులో చెబుతున్నాను: “నాకు స్వయంగా తెలిసిన అన్యాయం నేను చేసిందే. చదవడం వచ్చినవాళ్ళు చదివి వినిపిస్తారు, రానివాళ్ళు విని అవునంటారు. మా వీధిలో పనంతా ఆ అవును మీదే నడుస్తుంది. ఆ అవును అనే మాటని నమ్మి నా ముందు కూర్చున్న మనిషికి నేను హడావిడిగా చదివాను.” చివర్లో ఎవరి కన్నీళ్ళూ తుడుస్తానని రాయలేదు. ఆ బాట ఎలా తిరిగి రప్పించాలో నేర్చుకోవడానికి వస్తానని రాసింది. రెండు పేజీలు. రెండూ చక్కగా అచ్చు వేసి ఆమె చేతిలో పెట్టాను.

మర్నాడు గున్నేశ్వరరావు గారు వచ్చి, బల్ల మీదున్న ఆ రెండు పేజీలూ చదివారు. ఇంగ్లీషు ఆయనకి నెమ్మదిగా నడుస్తుంది కాబట్టి చాలాసేపు పట్టింది. టీ తెప్పించుకున్నారు గానీ తాగలేదు.

“ఆ లేఖ తెరువు,” అన్నారు. “చివర షరా అని పెట్టి ఇంకో మాట రాయి.”

ఆమె టైపు చేసింది. షరా: వ్యాసములో చెప్పిన పడమటి హద్దు తప్పని తెలిసియుండి, ఆ సంగతి చెప్పవద్దని సదరు వీరవేణిని ఆపినది గున్నేశ్వరరావు అను నేనే. ఆమె నా మాట వినలేదు. ఇదే విషయము కోర్టు వారి ఎదుట కూడా చెప్పగలవాడను.

“గురువుగారండి, ఇది వద్దండి. మీ పేరు పాడవుతుందండి.”

“సంతకం పెట్టేది నేనా, నువ్వా? అచ్చు వెయ్యి.”

వేశాను. దరఖాస్తు వెళ్ళింది. ఆయన అన్నంత పనీ చేశారు. ఆ వారంలోనే సూరమ్మ లాయరు దగ్గరికి ఇద్దరూ వెళ్ళి జరిగింది జరిగినట్టు అఫిడవిట్ రాసిచ్చి వచ్చారు. సంగతి సందంతా తెలిసింది. కొన్నాళ్ళు మా గదిలో బేరాలు పలచబడ్డాయి, నాకు పనిలేక సిరా ఎండిపోయింది.

నెల తర్వాత ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. ఇంటర్వ్యూ కంప్యూటర్లోనే. తెర మీద ముగ్గురు కూర్చున్నారు. వీరవేణి ఇస్త్రీ చీర కట్టుకుని నా పక్కనే కూర్చుంది. గున్నేశ్వరరావు గారు తెరలో కనబడకుండా గుమ్మం దగ్గర నిలబడ్డారు. ముందు ఒక బట్టతలాయన లేఖ పైకెత్తి చూపించి, మిమ్మల్ని మాకు సర్వహక్కులతో దఖలు పరిచినట్టుంది, అన్నాడు. మా గురువుగారికి ఇంకోలా రాయడం రాదండి, అంది వీరవేణి. ముగ్గురూ నవ్వారు. గుమ్మం దగ్గర గున్నేశ్వరరావు గారు మాత్రం ఇందులో నవ్వడానికేముందన్నట్టు చూశారు. ఆ తర్వాత మధ్యలో ఉన్న పెద్దావిడ అడిగింది, ఆ బాట తిరిగి వచ్చిందా అని.

“రాలేదండి. కేసు ఇంకా నడుస్తోందండి.”

“ఆవిడ మిమ్మల్ని క్షమించిందా?”

“తెలియదండి. మా గదికి రావడం మానేసింది. జెరాక్సులు వేరే చోట తీయించుకుంటోందండి.”

నాకది కొత్త సంగతి. చెప్పొద్దూ, చాలా బాధేసింది. ఆ పెద్దావిడ ఏదో రాసుకుంది. థాంక్స్ చెప్పి తెర ఆపేశారు. ఇంటర్వ్యూ బాగా అయిందో చెడిందో మా ముగ్గురిలో ఎవరికీ అర్థం కాలేదు.

మూడు వారాలకి కంప్యూటర్లోనే ఉత్తరం వచ్చింది. నాలుగు సీట్లలో ఒకటి ఆమెకి ఇచ్చారు. నేను అచ్చు వేసి బయటికి తోస్తుంటే, కాగితం పూర్తిగా రాకముందే గున్నేశ్వరరావు గారు దాని చివర పట్టుకుని చదవడం మొదలెట్టారు. చదివి, ముందువైపూ వెనకవైపూ తిప్పి చూసి, ఎక్కడా షరా లేదని నిర్ధారించుకున్నాక కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. వీరవేణి వాళ్ళమ్మకి ఫోను చేసింది గానీ హలో అన్నాక మాట రాలేదు. అవతల నుంచి ఆవిడ, ఏంటే ఏంటే, అని అరుస్తూనే ఉంది.

నా కథ కూడా ఆ రోజుల్లోనే ముగింపుకొచ్చింది. అచ్చు వేసే హెడ్డు అరిగిపోయింది, మార్చడం దండగన్నాడు మెకానిక్కు. కొత్త ప్రింటరు రేపో మాపో వస్తుందనగా, వీరవేణి ప్రయాణానికి రెండు రోజుల ముందు మధ్యాహ్నం, సూరమ్మ మా గుమ్మంలో నిలబడింది. చేతిలో అదే సంచి. వీరవేణి లేచి నిలబడింది.

“ఇయ్యి నాలుగేసి తియ్యి,” అంది సూరమ్మ. లోపలికొచ్చి బల్ల చివర కూర్చుంది.

వీరవేణి ఒక్కొక్క కాగితమే తీసి పెట్టింది. ఉన్న కాస్త సిరా అంతా కూడదీసుకుని తీశాను. చివరివి కొంచెం వెలిసినట్టు వచ్చాయి, అయినా అక్షరాలు తెలుస్తున్నాయి. అదే నేను చేసిన ఆఖరి పని. ఇప్పుడు బీరువా మీద దుమ్ము కొట్టుకుని ఉన్నాను, పాత సామాన్ల బండి ఎప్పుడొస్తే అప్పుడు వెళతాను. ఈలోగా వచ్చేపోయేవాళ్ళని చూస్తూ కూర్చుంటున్నాను. ఆ మధ్యాహ్నం చూసిందే ఎక్కువసార్లు గుర్తొస్తుంది.

సూరమ్మ కాగితాలు సర్దుకుని సంచి మూతి బిగించింది. లేవలేదు.

“లాయరు సదువంట కదా. ఎన్నేళ్ళు?”

“మూడేళ్ళండి మామ్మగారు.”

సూరమ్మ మనసులో ఏదో లెక్క చూసుకుంది.

“మూడేళ్ళేగా. నా కేసు ఎక్కడికీ పోదులేమ్మా, అదుంటది. నేను కూడా ఉంటే, నువ్వే వాదించు.”